స్నేహితుడి పేరున మారథాన్: డబ్బు ఎలా సేకరించాలి, ఎలా తయారవ్వాలి?

అడిగినవారు, నెల్లూరు:
చిన్నప్పటి స్నేహితుడు బ్లడ్ క్యాన్సర్‌తో పోయాడు. వాడి పేరు మీద జనవరిలో ముంబై మారథాన్ పరిగెత్తి, నాలుగు డబ్బులు పోగుచేసి క్యాన్సర్ రోగులకు ఇద్దామనుంది. ఇప్పుడు జూలై. మైపాడు రోడ్డు మీద 8 కిలోమీటర్లు ఆగకుండా పరిగెత్తగలను. కృష్ణపట్నంలో షిఫ్టు డ్యూటీ. ఫుల్ మారథాన్ కుదురుతుందా? డబ్బు నా ఫోన్‌పేకి వేయించుకుని చివర్లో ఒకేసారి కట్టేస్తే సరిపోతుందా?

కావలి నుంచి ఒకరు:
తమ్ముడూ, నీ ఫోన్‌పే నంబరు మాత్రం ఇవ్వొద్దు. నీ మీద అనుమానం కాదు. పదిమంది డబ్బు నీ జీతంతో కలిసిపోతే రేపు ఎవరికి లెక్క చెప్పాలన్నా తలనొప్పే. పైగా నీ ఖాతాకు పంపినవాళ్లకు ఆదాయపు పన్నులో విరాళాలకిచ్చే 80జీ మినహాయింపు రాదు. 80జీ రిజిస్ట్రేషన్ ఉన్న సంస్థ ఖాతాకే నేరుగా పంపి, పాన్ నంబరు ఇస్తే రసీదు వాళ్ల పేరున వస్తుంది. నగదు 2,000 రూపాయలు దాటితే మినహాయింపు లేదు. కొత్త పన్ను విధానం తీసుకున్నవాళ్లకు ఎంత ఇచ్చినా లేదు. ఇదంతా ముందే చెప్పెయ్, లేకపోతే రిటర్నులు వేసే రోజుల్లో ఫోన్లన్నీ నీకే వస్తాయి.

ముంబై మారథాన్‌లో విరాళాల పని యునైటెడ్ వే ముంబై అనే సంస్థ చూస్తుంది. వాళ్ల జాబితాలో ఒక సంస్థను ఎంచుకుని దాని కోసం సేకరించవచ్చు. మన జిల్లా రోగులకే చేరాలంటే నెల్లూరు రెడ్‌క్రాస్‌కు క్యాన్సర్ ఆసుపత్రి ఉంది కదా, వెళ్లి కనుక్కో. నేనైతే అదే చేస్తా. ఇచ్చినవాళ్లు కావాలంటే వెళ్లి చూసుకోవచ్చు.

ఒంగోలు నుంచి ఒకరు:
ఫుల్ అంటే 42.195 కిలోమీటర్లు. 8 నుంచి ఆరు నెలల్లో అక్కడికి చేరినవాళ్లు లేకపోలేదు గానీ, షిఫ్టు డ్యూటీతో నేను వద్దంటాను. ఈ ఏడాది హాఫ్ పరిగెత్తండి. విరాళం ఇచ్చేవాళ్లు కిలోమీటర్లు లెక్కపెట్టి ఇవ్వరు.

ముంబై రేసు జనవరి మూడో ఆదివారం. అంటే మీ పొడవాటి పరుగులన్నీ అక్టోబరు, నవంబరు, డిసెంబరుల్లో పడతాయి. అప్పుడు మన కోస్తాలో వానలు, వాయుగుండాలు. మైపాడు రోడ్డు మీదే పరిగెత్తాలని పట్టు పట్టకండి, వాన రోజుల్లో స్టేడియం చుట్టూ తిరగండి, విసుగే అయినా. వారానికి నాలుగు రోజులు చాలు. అందులో ఒకటి పొడవు పరుగు, దాన్ని వారానికి ఒక కిలోమీటరు పెంచుకుంటూ పోండి. మూడు వారాలు పెంచి నాలుగో వారం తగ్గించండి. పక్కవాడితో మాట్లాడగలిగేంత నిదానంగానే వెళ్లాలి. రేసుకు ముందు రెండు వారాలు బాగా తగ్గించాలి.

మన ఉక్కకు చెమట ధారలు కడుతుంది. అలాగని లీటర్ల కొద్దీ ఉత్త నీళ్లు తాగితే రక్తంలో సోడియం పడిపోయి ప్రాణం మీదికొస్తుంది. గంట దాటిన పరుగుకు ఓఆర్‌ఎస్ దగ్గర పెట్టుకోండి. ప్యాకెట్ మీద రాసినన్ని నీళ్లలోనే కలపాలి. పరుగుకు ముందు నొప్పి బిళ్ళ వేసుకోవడం కొందరికి అలవాటు. ఒంట్లో నీరు తగ్గినప్పుడు అది కిడ్నీల మీద పడుతుంది, వద్దు.

నెల్లూరు నుంచి ఒక అక్క:
ఒకటి అడుగుతా, ఏమనుకోవద్దు. ఆ అబ్బాయి అమ్మానాన్నలకు చెప్పావా? టీషర్టు మీద ఫొటో వేయించి, జబ్బు వివరాలన్నీ వాట్సాప్‌లో తిప్పాక వాళ్లకు తెలిస్తే బాధపడతారు. ముందు ఇంటికెళ్లి అడుగు. ఫొటో వద్దంటే పేరొక్కటే వేయించుకో.

అడిగినవారు:
చెప్పలేదక్కా, ఈ ఆదివారం వెళ్తాను. హాఫ్‌కే పేరిస్తా. నైట్ డ్యూటీ దిగిన పొద్దున పొడవు పరుగు పెట్టుకోవచ్చా అన్నా?

ఒంగోలు నుంచి:
వద్దు. నిద్రలేని ఒంటితో హైవే పక్కన పరిగెత్తడం ప్రమాదం కూడా. పడుకుని లేచి, సాయంత్రం చల్లబడ్డాక అయిదు కిలోమీటర్లు చాలు. పొడవు పరుగు వీక్లీ ఆఫ్ రోజుకు మార్చుకోండి.