ఫుట్‌పాత్ మీద ఉండేవాళ్ల ఫొటోలు: 40 తీస్తే 26 నిద్రపోతున్నవే, ఎక్కడ తప్పుతోంది?

కాలిబాట35 అడిగిన ప్రశ్న

హైదరాబాద్‌లో ఇల్లు లేనివాళ్ల మీద 12 ఫొటోల సిరీస్ కడుతున్నాం. ముందు ఫొటో క్లబ్ హాల్లో గోడకు పెడతాం, తర్వాత ఇన్‌స్టాగ్రామ్‌లో. వాడుతున్నవి ఫుల్‌ఫ్రేమ్ కెమెరా బాడీ, 35 ఎంఎం ఎఫ్ 2 లెన్స్ (దగ్గర నుంచి విశాలంగా పట్టేది), 70-200 జూమ్ (దూరం నుంచి దగ్గరికి లాగేది). ఇప్పటికి ఏరిపెట్టిన 40 ఫ్రేముల్లో 26 నిద్రపోతున్నవాళ్లవే. విడిగా ఒక్కోటీ బాగానే ఉంది. పక్కపక్కన పెడితే మాత్రం ఒకే ఫొటోను 40 సార్లు చూసినట్టుంది. దుప్పటి కప్పుకున్న ఆకారం తప్ప ఆ మనిషి గురించి ఏమీ తెలియడం లేదు. లెన్స్ మార్చాలా, వేళ మార్చాలా? అడిగి తీస్తే బిగుసుకుపోతారేమోనని భయం. క్యాప్షన్ ఎలా రాయాలో కూడా చెప్పండి.

పాతరీలు

ముందు ఆ 70-200 ఇంట్లో పెట్టేయండి. అడ్డం ఫ్రేములో నిలబడ్డ మనిషి తల నుంచి పాదం దాకా పట్టాలంటే 35 ఎంఎంతో రెండున్నర, మూడు మీటర్ల దూరం సరిపోతుంది. 200తో 14 మీటర్లు దాటాలి, అంటే రోడ్డు అవతలికి పోవాలి. అంత దూరం నుంచి మాట కలవదు. పైగా ఎఫ్ 2.8లో (లెన్స్ కన్ను బాగా తెరిస్తే) వెనకున్నదంతా మసకైపోతుంది, అసలు సంగతి ఉండేదేమో అక్కడే. బస్‌స్టాప్ బెంచీ మీద నడుం వాల్చకుండా మధ్యమధ్య బిగించిన ఇనుప కడ్డీలు, ఫ్లైఓవర్ కింద పాతిన రాళ్లు, రాత్రికి తాళం పడిన మరుగుదొడ్డి, షాపు షట్టర్ దించాకే పరుచుకునే పక్క. ఇవన్నీ చెరిపేస్తే ముడతలు పడ్డ ముఖం ఒక్కటే మిగులుతుంది. చూసినవాళ్లు అయ్యో అనుకుని పక్క ఫొటోకు పోతారు. ఎందుకు అక్కడ పడుకున్నారన్న ప్రశ్నే పుట్టదు.

35ను ఎఫ్ 8లో (కన్ను చిన్నది చేసి) పెట్టి, ఫోకస్‌ను 2.5 మీటర్ల దగ్గర కదలకుండా ఉంచండి. సుమారు 1.7 నుంచి 4.9 మీటర్ల దాకా స్పష్టంగా వస్తుంది. మనిషీ, చుట్టూ ఉన్నదీ రెండూ పడతాయి.

ఎత్తు కూడా చూసుకోండి. నిలబడి తీస్తే లెన్స్ ఐదడుగుల ఎత్తులో ఉంటుంది, నేల మీద కూర్చున్నవాళ్ల కళ్లు రెండున్నర అడుగుల దగ్గర. అందుకే ఆ ఫొటోల్లో అందరూ కుంచించుకుపోయినట్టు, దేనికో మొరపెట్టుకుంటున్నట్టు కనబడతారు. గొంతుక్కూర్చుని కంటికి కన్ను కలిసే ఎత్తులో తీయండి. అదే మనిషి, అదే చోటు, ఫొటో మారిపోతుంది.

రాత్రి ఎల్‌ఈడీ వీధిదీపాల కింద 1/50 లేదా 1/100 సెకను షట్టర్ వాడండి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి నాసిరకం దీపాలు సెకనుకు 100 సార్లు మినుకుతాయి. 1/250, అందులోనూ ఎలక్ట్రానిక్ షట్టర్ అయితే, ఫ్రేము నిండా చారలు పడతాయి. ఎఫ్ 2.8, ఐఎస్ఓ (వెలుతురు పట్టే శక్తి) 3200తో మొదలుపెట్టండి. ఫ్లాష్ వద్దు. ఫోకస్ కోసం వెలిగే చిన్న దీపాన్ని మెనూలోకి వెళ్లి ఆపేయండి, చీకట్లో అది సూటిగా కళ్లలో పడుతుంది. వెనక ట్యూబ్‌లైట్ షాపు ఉంటే కెమెరాలో వెలుతురు కొలిచే మీటర్ మోసపోయి మనిషిని నల్లగా చేస్తుంది, ఎక్స్‌పోజర్ +2/3 స్టాప్ పెంచండి.

బ్లాక్ అండ్ వైట్ గురించి గట్టిగానే చెబుతాను. ఈ విషయం మీద వచ్చే ఫొటోలకు పట్టిన జబ్బు, ఎడిటింగ్‌లో గీతలూ ముడతలూ ఎత్తి చూపే క్లారిటీ స్లైడర్. +50 పెడితే చర్మం మీద చెమట కూడా మురికిలా కనబడుతుంది, నలభై ఏళ్ల మనిషి అరవై ఏళ్లవాడవుతాడు. క్లారిటీ, టెక్స్చర్ రెండూ సున్నా నుంచి +10 లోపు ఉంచండి. వీలైతే రంగులోనే పెట్టండి. నీలం టార్పాలిన్, ఉతికి రెయిలింగ్ మీద ఆరేసిన ఎర్ర చీర, స్టీలు క్యారియర్, వీటిలో సంసారం కనబడుతుంది.

అడ్డాదారి

లెన్స్ సంగతి పాతరీలు గారు చెప్పారు, వేళ సంగతి నేను చెబుతాను. రాత్రి 12కి వెళ్తే నిద్రపోయేవాళ్లే దొరుకుతారు. ఉదయం ఐదున్నర నుంచి ఎనిమిది లోపు వెళ్లండి. పక్క చుట్టి షాపు మెట్ల మీద పెట్టడం, కొళాయి దగ్గర మొహం కడుక్కోవడం, అడ్డాకు బయల్దేరడం చూస్తారు. కూలి అడ్డాల్లో నిలబడేవాళ్లు, హమాలీలు, చిత్తుకాగితాలు ఏరేవాళ్లు, పెళ్లిళ్ల క్యాటరింగ్‌కు పోయేవాళ్లు, వీళ్లలో చాలామందికి పని ఉంది, గది అద్దెకు చాలదు. సాయంత్రం ఏడు నుంచి తొమ్మిదిన్నర కూడా మంచి వేళే, వంట, ముచ్చట్లు, టీకొట్టులో ఫోన్ ఛార్జింగ్.

క్యాప్షన్‌లో 'బిచ్చగాడు', 'అనాథ' అని చూపుతో తేల్చేయకండి. జనాభా లెక్కల్లో రోడ్డు పక్కన, ఫుట్‌పాత్ మీద, సిమెంటు గొట్టాల్లో, ఫ్లైఓవర్ల కింద, మెట్ల కింద, గుడి మండపాల్లో, రైల్వే ప్లాట్‌ఫారాల మీద ఉండేవాళ్లను ఇల్లు లేనివాళ్లుగా రాస్తారు. 2011లో దేశం మొత్తం మీద అలా లెక్కకు వచ్చినవాళ్లు 17.7 లక్షలు. ఆ నిర్వచనంలో బిచ్చం ప్రసక్తి లేదు. ఇంకో పొరపాటు పెద్దాసుపత్రుల బయట జరుగుతుంది. అక్కడ పడుకున్నవాళ్లలో చాలామంది రోగుల వెంట వచ్చినవాళ్లు. ఊళ్లో ఇల్లుంది, ఇక్కడ బస లేదు. వాళ్ల కింద 'ఇల్లు లేనివాళ్లు' అని రాస్తే అబద్ధమవుతుంది, 'వార్డులో మనిషి ఉంటే బయట తోడుగా ఉన్నవాళ్లు' అని రాస్తే అదే పెద్ద వార్త.

అనుమతికి వద్దాం. మొదటి రోజు కెమెరా సంచిలోనే ఉండాలి. అదే టీకొట్టులో రెండు మూడు సాయంత్రాలు కూర్చోండి. తర్వాత 'అన్నా, అమ్మా, ఒక ఫొటో తీసుకోనా? హాల్లో గోడకు పెడతాం, ఫోన్లలో కూడా తిరుగుతుంది, మీ ఊరివాళ్లకు కనిపించొచ్చు' అని మొత్తం చెప్పండి. చివరి ముక్క అసలు వదలొద్దు. ఫుట్‌పాత్ మీద ఉంటున్నామని ఇంట్లో చెప్పకుండా, గదిలో ఉన్నామని చెప్పేవాళ్లు ఉంటారు. ఆ ఫొటో ఊరి వాట్సాప్ గ్రూపులో పడితే పిల్ల పెళ్లి సంబంధం చెడే దాకా పోతుంది.

కాగితం మీద వేలిముద్ర మాత్రం వేయించకండి. సంతకం అనగానే ఇళ్ల జాబితా రాస్తున్నారని ఆశపడతారు, పదిమంది ఆధార్ కార్డులతో చుట్టూ చేరతారు. ఆ ఆశ పెట్టడం పాపం. ఫోన్‌లో 20 సెకన్ల మాట రికార్డు చేయండి, మీ నంబరూ ఫొటో నంబరూ రాసిన చీటీ ఇవ్వండి, వద్దనిపిస్తే తీసేయమని చెప్పడానికి. తాగి ఉన్నవాళ్లు, మతి స్థిమితం లేనివాళ్లు సరే అన్నా అది అనుమతి కింద లెక్కకు రాదు.

బిగుసుకుపోతారన్న భయం పెట్టుకోకండి. మొదటి నాలుగైదు ఫ్రేములు బిగుసుకునే వస్తాయి. వాటిని వెనక తెర మీద చూపించి, పక్కనే కూర్చోండి. పావుగంటలో వాళ్ల పని వాళ్లు చేసుకుంటారు.

చట్టంముక్క

పిల్లల ముఖాలు వద్దే వద్దు. 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం, సెక్షన్ 74 చదవండి. సంరక్షణ అవసరమైన పిల్లల ఫొటో, గుర్తుపట్టే వివరం ప్రచురించడానికి లేదు. వీధిలో ఉంటున్న పిల్లలు ఆ నిర్వచనంలోకి వస్తారు. శిక్ష 6 నెలల దాకా జైలు, లేదా 2 లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. ఒంటరిగా కనిపిస్తే కెమెరా దించి పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి.

చెయ్యి చాచిన ఫొటోకు కూడలి పేరు పెట్టకండి. ఇక్కడ 1977 నుంచి భిక్షాటన నిరోధక చట్టం ఉంది. 2017 నవంబరులో అంతర్జాతీయ సదస్సుకు ముందు హైదరాబాద్‌లో బిచ్చమెత్తడాన్ని నిషేధించి చాలామందిని తరలించారు. ఆడవాళ్లు పడుకునే చోటు అసలే బయటపెట్టకూడదు. క్యాప్షన్‌లో 'సికింద్రాబాద్' అంటే చాలు. ఫైలులోని జీపీఎస్ (ఫొటో తీసిన చోటు వివరం) తీసేయండి, వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా పంపితే అది ఫైలుతో పాటే అవతలికి చేరుతుంది.

నెగటివ్

ముఖాలే వద్దు అనే దాకా పోకండి. చేతులు, చెప్పులు, దుప్పట్లతో సిరీస్ నింపితే అదీ మనిషిని మాయం చేయడమే. కళ్ల మీద నల్ల పట్టీ వేస్తే నేరస్థుల్లా కనబడతారు, దానికంటే ఆ ఫొటో మానేయడం నయం.

ముఖం చేసే మేలూ కీడూ రెండూ ఒకే ఫొటోలో చూడొచ్చు. 1936లో కాలిఫోర్నియాలోని నిపోమో దగ్గర అమెరికా ఫొటోగ్రాఫర్ డొరోథియా లాంగ్ తీసిన వలస కూలి తల్లి ఫొటో. లాంగ్ ఆమె పేరు అడగలేదు. తిండి కోసం కారు టైర్లు అమ్ముకున్నారని రాసుకున్నారు, అది నిజం కాదని ఆ కుటుంబం తర్వాత చెప్పింది. ఆమె ఫ్లోరెన్స్ ఓవెన్స్ థాంప్సన్ అని లోకానికి తెలిసింది 1978లో. కాపీ పంపుతానని పంపలేదన్న బాధ ఆమెకు అప్పటికీ పోలేదు. ఆమె 1983లో జబ్బుపడితే మాత్రం, ఆ ఫొటో కదిలించిన జనమే వైద్యానికి డబ్బు పంపారు. అందుకే క్యాప్షన్‌లో ఊహ ఒక్కటి కూడా ఉండకూడదు. వాళ్లు చెప్పింది వాళ్ల మాటల్లోనే రాసి, చదివి వినిపించండి.

కాలిబాట35

చాలా ఉపయోగపడ్డాయి. ఆ 26 ఫ్రేములూ తీసేయాల్సిందేనా? ఫొటోకు డబ్బు అడిగితే ఏం చేయాలి?

పాతరీలు

ముఖం కనబడేవన్నీ తీసేయండి, నిద్రలో ఉన్న మనిషిని ఎవరూ అడగలేదు కదా. ముఖం తెలియకుండా, చుట్టూ వీధంతా పట్టిన దూరపు ఫ్రేము ఒక్కటి ఉంచుకోవచ్చు. 12లో నాలుగు ముఖాలు, నాలుగు పని చేస్తున్నవి, మిగతా నాలుగు చోటు గురించి ఉండేలా చూడండి. చోటులో నైట్ షెల్టర్ కూడా రావాలి. పట్టణాల్లో లక్ష జనాభాకు కనీసం 100 మందికి సరిపడా షెల్టర్లు, మనిషికి 50 చదరపు అడుగులు ఉండాలని కేంద్ర పథకం మార్గదర్శకాల్లో రాశారు. మంచాల మధ్య ఎంత సందు ఉందో 35తో ఒక్క ఫ్రేములో తేలిపోతుంది. నడిపే సంస్థను అడిగి, లోపలున్నవాళ్లను విడిగా మళ్లీ అడిగి తీయండి.

డబ్బు ఫొటోకు ముందు ఇస్తే వద్దనే వీలు వాళ్లకు పోతుంది. తీశాక టీ, టిఫిన్ కలిసి తినండి. ప్రింటు మాత్రం తప్పకుండా, వారం లోపే ఇవ్వండి, ఆలస్యమైతే ఆ మనిషి పని కోసం ఇంకో చోటికి పోతాడు. 4x6 ఇస్తే దాచుకునే చోటుండదు. ఆధార్ కార్డు సైజులో రెండు కాపీలు తీయించి, అంచులు 3 మిల్లీమీటర్లు వదిలి లామినేషన్ చేయించండి. అంచు దాకా కోస్తే మొదటి వానకే నీళ్లు దిగి రంగు ఊడుతుంది.