డ్యూసెన్‌బర్గ్ మోడల్ జె: బాడీ మారిన కారుని ఒరిజినల్ అనొచ్చా?

ఫోర్ట్ వేన్ వాసి:
ఇక్కడ అమెరికాలో, ఇండియానా రాష్ట్రం ఆబర్న్‌లో ఉన్న ఆబర్న్ కార్డ్ డ్యూసెన్‌బర్గ్ పాత కార్ల మ్యూజియం చూసొచ్చాను. మాకు దగ్గరే అయినా ఇన్నాళ్లూ కుదరలేదు. డ్యూసెన్‌బర్గ్ అనే పాత అమెరికన్ కంపెనీ చేసిన ఖరీదైన మోడల్ జె కార్లన్నిటికీ ఆ రేడియేటర్, ఆ పొడుగాటి బానెట్ ఒకేలా ఉన్నాయి. అక్కణ్ణుంచి వెనక్కి వెళ్తే మాత్రం ఒకదానికీ ఇంకోదానికీ పోలికే లేదు. బాడీ కంపెనీ పేరు కూడా ఒక్కోదానికి ఒక్కోటి. ఈ కార్లలో చాలావాటికి మొదటి బాడీ లేదని అక్కడ ఎవరో అంటుంటే విన్నాను. మరి అలాంటప్పుడు దేన్ని చూసి ఇది అసలుదని నమ్మాలి? మొత్తం ఎన్ని చేశారు, ఎన్ని మిగిలాయి? మా బాబాయి గారు హైదరాబాద్ నుంచి వస్తున్నారు, ఆయనకి పాత కార్లంటే ప్రాణం. ఆయన అడిగితే చెప్పడానికి నాకు నాలుగు ముక్కలు తెలియాలి.

ఆటోనగర్ అబ్బాయి (ఇండియానాపోలిస్):
మంచి ప్రశ్న అడిగారండీ. నేనుండే ఈ ఊళ్లోనే ఆ కార్లు పుట్టాయి కాబట్టి కాస్త పొడుగ్గానే చెప్తాను.

మా నాన్నకి విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్డు ఉండేది. కంపెనీ నుంచి లారీ ఉత్త ఛాసిస్‌గా వచ్చేది. ఓనరు దాన్ని మా షెడ్డుకి తెచ్చి, క్యాబిన్ ఎలా ఉండాలో, తొట్టి ఎంత పొడుగుండాలో చెప్పి కట్టించుకునేవాడు. మోడల్ జె పద్ధతి కూడా అదే. 1928 డిసెంబర్‌లో న్యూయార్క్ ఆటో షోలో దాన్ని బయటపెట్టినప్పుడు ఛాసిస్ ఒక్కదాని ధరే 8,500 డాలర్లు. అప్పట్లో ఫోర్డ్ కారు 500 డాలర్ల చుట్టుపక్కల మొత్తంగా వచ్చేసేది. ఛాసిస్ కొన్నాక బాడీ ఖర్చు వేరే.

ఆ డబ్బుకి ఏమొచ్చేదంటే, 6.9 లీటర్ల స్ట్రెయిట్ ఎయిట్ (ఎనిమిది సిలిండర్లు ఒకే వరసలో ఉండే) ఇంజన్. పైన రెండు క్యామ్‌షాఫ్టులు, సిలిండర్‌కి నాలుగు వాల్వులు, 265 హార్స్ పవర్ అని కంపెనీ లెక్క. 1928లో ఇది మామూలు విషయం కాదు. ఇంజన్ డిజైన్ ఫ్రెడ్ డ్యూసెన్‌బర్గ్‌ది, తయారీ లైకమింగ్ వాళ్లది. 1932లో సూపర్‌చార్జర్ (ఇంజన్‌లోకి గాలిని ఎక్కువగా నెట్టే పరికరం) పెట్టి 320 హార్స్ పవర్ అన్నారు, అదే ఎస్‌జె. పాపం ఆ ఏడాదే ఫ్రెడ్ పెన్సిల్వేనియాలో కారు ప్రమాదంలో గాయపడి చనిపోయాడు. ఆయన ఇంకో పదేళ్లు బతికుంటే ఎలాంటి ఇంజన్లు చేసేవాడో అని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

ఇక బాడీలు. అందరికంటే ఎక్కువ కట్టింది కాలిఫోర్నియా పాసడీనాలోని మర్ఫీ. వాళ్ల కన్వర్టిబుల్ కూపేలో టాప్ మడిస్తే రేకు మూత కింద పూర్తిగా దాక్కుంటుంది, గుడ్డ అంచు కూడా కనపడదు. ఆ మూత అతుకు దగ్గర కాసేపు నిలబడి చూడండి, టింకరింగ్ పని అంటే ఏమిటో తెలుస్తుంది. ఇంకా రోల్‌స్టన్, లెబారన్, జడ్కిన్స్, విల్లోబీ, డెర్హమ్ ఉన్నారు. లా గ్రాండ్ అన్న పేరు కనిపిస్తే అదో విడి షెడ్డు అనుకోకండి. డ్యూసెన్‌బర్గ్ వాళ్లే డిజైన్ గీయించి, ఇండియానాలోనే వేరే ఫ్యాక్టరీల్లో కట్టించి పెట్టుకున్న పేరు అది.

మొత్తం 480 దాకా తయారయ్యాయి. మూడొంతులకు పైగా ఇప్పటికీ ఉన్నాయి. అంత పాత కారుకి ఇది చాలా ఎక్కువ. ఛాసిస్, ఇంజన్ అంత గట్టివి. బాడీల సంగతి అలా కాదు. లోపల చెక్క ఫ్రేమ్, పైన రేకు. చెక్క చీకితే తలుపులు కిందికి జారతాయి. పైగా సెకండ్ హ్యాండ్‌లో పెద్ద లిమోజిన్లని ఎవరూ అడిగేవాళ్లు కాదు, ఓపెన్ కారే కావాలనేవాళ్లు. అందుకని లిమోజిన్ బాడీ ఊడదీసి, ఇంకో కారు నుంచి తీసిన ఓపెన్ బాడీ ఎక్కించేవాళ్లు. షికాగోలో జాన్ ట్రోకా అనే డీలర్ ఇలాంటి మార్పిళ్లకి బాగా పేరుపడ్డాడు.

అందుకే "ఒరిజినలా?" అని ఒకే ప్రశ్న అడిగితే జవాబు దొరకదు. ఇంజన్ నంబరు (జె అక్షరంతో మొదలవుతుంది), ఛాసిస్ నంబరు, ఫైర్‌వాల్ (ఇంజన్‌కీ క్యాబిన్‌కీ మధ్య ఉండే రేకు గోడ) మీద ప్లేటు, బాడీ, ఈ నాలుగూ మొదటి నుంచీ కలిసే ఉన్నాయా అని విడివిడిగా అడగాలి. ఆబర్న్ కార్డ్ డ్యూసెన్‌బర్గ్ క్లబ్ వాళ్లు ఇవన్నీ పరిశీలించి సర్టిఫికెట్ ఇస్తారు. బాబాయి గారికి ఇంకో మాట కూడా చెప్పండి: కారు ఏడాదిని చూసి ఛాసిస్ వయసు అంచనా వేయకూడదు. ఛాసిస్‌లు చాలావరకు మొదట్లోనే చేసి పెట్టేశారు. ఇంతలో 1929 మార్కెట్ పతనం వచ్చింది, అవి 1937 దాకా మెల్లగా అమ్ముడుపోయాయి.

సిల్మార్ దగ్గర్లో:
బాబాయి గారు కాలిఫోర్నియా వైపు కూడా వస్తే సిల్మార్‌లో నెదర్‌కట్ మ్యూజియం తప్పకుండా చూపించండి. 1933 షికాగో వరల్డ్ ఫెయిర్‌లో పెట్టిన "ట్వంటీ గ్రాండ్" అక్కడే ఉంది. రోల్‌స్టన్ వాళ్లు కట్టిన సెడాన్, గార్డన్ బ్యూరిగ్ డిజైన్. ధర 20,000 డాలర్లు కాబట్టి ఆ పేరు వచ్చింది. సెడాన్ అయినా దాని బాడీ దాని మీదే ఉంది.

గుంటూరు రాఘవ:
ఆటోనగర్ అన్నా, నాదొక సందేహం. లిమోజిన్‌గా పుట్టి తర్వాత ఓపెన్ బాడీ ఎక్కిన కారుకి మళ్లీ లిమోజిన్ బాడీ కట్టిస్తేనే కదా న్యాయం? అలాగే మన దేశానికి ఒక్క డ్యూసెన్‌బర్గ్ అయినా వచ్చిందా?

ఆటోనగర్ అబ్బాయి (ఇండియానాపోలిస్):
రాఘవా, నేను ఒప్పుకోను. 1932లో మర్ఫీ కంపెనీ మూతపడ్డాక, అక్కడ పనిచేసిన బోమన్, ష్వార్ట్జ్ అదే పాసడీనాలో సొంత షెడ్డు పెట్టారు. కొన్ని డ్యూసెన్‌బర్గ్‌లకి వాళ్ల చేతుల్లోనే కొత్త రూపం వచ్చింది. ఆ పనిని ఊడబీకి, ఇవాళ కొత్త చెక్కతో కొత్త రేకుతో లిమోజిన్ కట్టి "ఇదే అసలుది" అంటే, ఉన్న ఒక్క పాత బాడీ కూడా పోయినట్టే. ఎవరు ఎప్పుడు మార్చారో బోర్డు మీద స్పష్టంగా రాస్తే చాలు. ఈమధ్య కొత్తగా చేసిన బాడీని పాతదని చెప్పి అమ్మడం మాత్రం నా దృష్టిలో మోసమే.

పుట్టినప్పటి బాడీతోనే ఉన్నదానికి మంచి ఉదాహరణ హాలీవుడ్ నటుడు గ్యారీ కూపర్ వాడిన ఎస్‌ఎస్‌జె. పొట్టి ఛాసిస్ మీద అలాంటివి 1935లో రెండే చేశారు, రెండోది ఇంకో హాలీవుడ్ నటుడు క్లార్క్ గేబుల్ దగ్గర ఉండేది. రెండూ ఇప్పటికీ ఉన్నాయి. కూపర్ కారు 2018లో పెబుల్ బీచ్ వేలంలో 2 కోట్ల 20 లక్షల డాలర్లకి పోయింది.

మన దేశం సంగతంటావా, వచ్చింది. ఇండోర్ మహారాజా యశ్వంత్‌రావ్ హోల్కర్ ఒక ఎస్‌జె తెప్పించుకున్నారు. ఛాసిస్ ఇండియానా నుంచి, బాడీ లండన్‌లో గర్నీ నటింగ్ వాళ్లది, రంగు నారింజ, నలుపు. తర్వాత అది అమెరికాకే తిరిగొచ్చింది. ఫొటో చూడు, వెనక భాగం సన్నబడే తీరు మర్ఫీ పనికి ఎంత వేరుగా ఉందో తెలుస్తుంది.

ఫోర్ట్ వేన్ వాసి:
చాలా థాంక్స్ అండీ. లేబర్ డే వారాంతంలో ఆబర్న్‌లో ఈ కార్లన్నీ రోడ్డు మీదకి వస్తాయట కదా, బాబాయి గారి టికెట్టు దానికి కలిసొచ్చేలా బుక్ చేస్తున్నాను. మీరూ వస్తారా?

ఆటోనగర్ అబ్బాయి (ఇండియానాపోలిస్):
తప్పకుండా వస్తాను. పొద్దున్నే రండి, ఇంజన్లు స్టార్ట్ చేసే టైమ్‌కి. చాలామంది ఓనర్లు అడిగితే బానెట్ తెరిచి నంబరు చూపిస్తారు.