ఫ్లోరైడ్ ఫలితాలు ఊళ్లో ఎట్లా చెప్పాలి?

ప్రశ్న: నల్గొండ జిల్లా మర్రిగూడ మండలంలో బోరు నీళ్లలోని ఫ్లోరైడ్ (ఎక్కువైతే ఎముకల్ని దెబ్బతీసేది) మీద పీహెచ్‌డీ చేస్తున్నాను. మొన్న పంచాయతీ ఆఫీసు దగ్గర గ్రాఫులు చూపించి, "లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటొద్దు" అన్నాను. వెనక కూర్చున్న ఒక అవ్వ వంగిపోయిన మోకాళ్ల మీద చేతులానించి లేచి, "బిడ్డా, గీ లెక్కలు నాకెందుకు? ఏ బోరు నీళ్లు తాగాలె?" అనడిగింది. నా స్లైడ్లలో ఎక్కడా ఆ జవాబు లేదు. రాత్రంతా నిద్ర పట్టలేదు. సర్పంచుకు, ఆశా కార్యకర్తకు, ఇంజినీరుకు, అవ్వకు ఒకే మాట ఎట్లా చెప్పాలి?

జవాబు: ఒకే మాట చెప్పకు తమ్ముడూ. ఇంజినీరుకు బోర్ల మ్యాపుతో ఒక్క పేజీ చాలు. ఊళ్లో అయితే 1.5 దాటిన చేతిపంపుకు ఎర్ర రంగు వేయించు. చదువు రానోళ్లకూ తెలుస్తది. ముందుగా ఆశా అక్కతో కూర్చో, ఏ ఇంట్లో ఏ నీళ్లు తాగుతున్నరో ఆమెకే తెలుసు.

జవాబు: మరగబెడితే ఫ్లోరైడ్ పోతుందని మా అమ్మ ఇప్పటికీ నమ్ముతుంది. పోదు, నీళ్లు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. దయచేసి ఇది తప్పక చెప్పండి.

ప్రశ్న అడిగినవారు: అక్కా, ఆదివారం మళ్లీ పోతున్నాను. ముందు అవ్వ ఇంటికే.