తాగి పడిపోయిన తమ్ముడికి సీపీకే (కండలు దెబ్బతింటే రక్తంలో పెరిగేది) 38 వేలు. కిడ్నీలు పోయినట్టేనా?

గోదావరి అక్క:
మా తమ్ముడికి 34 ఏళ్లు. పెళ్లింట్లో రెండు రోజులు తిండి లేకుండా తాగాడు. రెండో రాత్రి మేడ మీద కుడి చెయ్యి ఒంటికింద పడేసుకుని పడిపోయి, మర్నాడు మధ్యాహ్నానికి గానీ లేవలేదు. చెయ్యి వాచి గట్టిపడింది, తొడలు ముట్టుకోనివ్వట్లేదు, మూత్రం కోకాకోలా రంగు. ఇంట్లోవాళ్లు పచ్చకామెర్లని పసరు మందుకు తీసుకెళ్లబోయారు. నేను గొడవపడి ఆసుపత్రిలో చేర్పించాను. కిడ్నీల పనితీరు చూసే క్రియాటినిన్ 4.2కి పెరిగింది. డయాలసిస్ అవసరం పడొచ్చంటున్నారు. తాగితే పోయేది లివర్ కదా, ఇదేంటి? డయాలసిస్ మొదలైతే ఇక జీవితాంతమేనా?

కిడ్నీ వార్డు సిస్టర్:
మంచి పని చేశారక్కా, పసరు దాకా పోనివ్వలేదు. దీన్ని రాబ్డోమయోలిసిస్ అంటారు, అంటే కండలు చితికిపోవడం. తాగిన సారా కండరాన్ని నేరుగా దెబ్బతీస్తుంది. తిండి లేక పొటాషియం, ఫాస్ఫేట్ పడిపోతే కండ ఇంకా బలహీనపడుతుంది. పైగా గంటల తరబడి ఒంటి బరువంతా ఆ చేతి మీదే. చితికిన కండలోంచి మయోగ్లోబిన్ రక్తంలోకి వచ్చి, కిడ్నీలోని సన్నటి గొట్టాల్లో అడ్డుపడుతుంది. మూత్రానికి ఆ రంగు దానిదే. స్ట్రిప్ టెస్టులో రక్తం ఉన్నట్టే చూపిస్తుంది, మైక్రోస్కోపులో చూస్తే ఎర్ర కణాలు పెద్దగా ఉండవు. లివర్ టెస్టులో చూసే ఎస్‌జీవోటీ కూడా కండల నుంచే పెరుగుతుంది, అందుకే లివర్ అనుకుంటారు.

డయాలసిస్ పడినా చాలామందికి అది కొన్ని వారాలే, తర్వాత కిడ్నీలు కోలుకుంటాయి. ఇప్పుడు అసలు భయం పొటాషియంతో. చితికిన కండ దాన్ని ఒక్కసారిగా వదిలితే గుండె లయ తప్పుతుంది. కొబ్బరినీళ్లు, పళ్లరసాలు డాక్టర్ని అడక్కుండా ఇవ్వకండి. నొప్పి అంటున్నాడని బయట నుంచి డైక్లోఫెనాక్ తెచ్చి వెయ్యొద్దు.

ఆర్థో పీజీ:
ఆ చేతి వేళ్లు తిమ్మిరిగా ఉన్నాయా? వేళ్లు చాపితే అరుస్తున్నాడా? అయితే వెంటనే సర్జన్‌ని పిలిపించండి. లోపల ఒత్తిడి పెరిగితే కోసి వదులు చెయ్యాలి, గంటలు గడిస్తే చెయ్యి పనికిరాకుండా పోతుంది.

గోదావరి అక్క:
చిటికెన వేలు తెలియట్లేదంటున్నాడు. డ్యూటీ డాక్టర్‌కి ఇప్పుడే చెప్పాను. ఇంకోటి, సాయంత్రం నుంచి చేతులు వణుకుతున్నాయి, ఎవరో పిలుస్తున్నారంటున్నాడు.

కిడ్నీ వార్డు సిస్టర్:
రోజూ తాగే మనిషేనా? అయితే అది తాగుడు ఒక్కసారిగా ఆగిపోవడం వల్ల కావచ్చు. ఫిట్స్ వస్తే కండలు ఇంకా చితుకుతాయి. చివరిసారి ఎప్పుడు తాగాడో, రోజూ ఎంత తాగేవాడో దాచకుండా చెప్పండి. దానికి మందులున్నాయి, విటమిన్ బీ1 ఇంజెక్షన్ కూడా ఇస్తారు. పరువని ఆగకండి అక్కా, ఇప్పుడే వెళ్లి చెప్పండి.