షూరి కోట వదలడం: యహారా లెక్క సరైనదేనా?

పాత పటాలు:
నిన్న ఇంకో చర్చలో ఒకరు, 1945 మే నెలాఖరున జపాన్ 32వ సైన్యం ఒకినావా ద్వీపంలోని తన స్థావరం షూరి వదిలి దక్షిణానికి జారుకోవడం పిరికితనమని తేల్చేశారు. నాకు మింగుడుపడలేదు, అందుకే విడిగా పెడుతున్నా.

ఒకినావా కాపలాకి 1944 మార్చిలో ఏర్పడిన సైన్యం ఇది. ఆగస్టులో ఉషిజిమా మిత్సురు సేనానిగా వచ్చాడు. ఉన్నవాటిలో మేలైన 9వ డివిజన్‌ని ఆ ఏడాది చివర్లో ఫార్మోసాకి (ఇప్పటి తైవాన్) పంపించేశారు. బదులు పంపుతామన్న 84వ డివిజన్ రానే లేదు. అప్పుడు యుద్ధ ప్రణాళికలు చూసే కల్నల్ యహారా హిరోమిచి వేసిన లెక్క ఇది: తీరంలో అడ్డుకోలేం, విమానాశ్రయాలు కాపాడలేం, షూరి చుట్టూ గుట్టల కింద సొరంగాలు తవ్వుకుని వీలైనన్నాళ్లు శత్రువుని నిలబెట్టాలి. ఏప్రిల్ 1న అమెరికన్లు హగుషి తీరంలో దిగి ఆ సాయంత్రానికే రెండు విమానాశ్రయాలు పట్టేశారు. కానీ షూరి చేరడానికి దాదాపు రెండు నెలలు పట్టింది.

చీఫ్ ఆఫ్ స్టాఫ్ చో ఇసాముకి ఈ దాక్కునే పోరు గిట్టేది కాదు. ఆయన పట్టుపట్టి చేయించిన మే 4 ఎదురుదాడిలో సుమారు 5,000 మంది పోయారు. దాంతో ఉషిజిమా, ఇకమీదట నీ మాటే వింటానని యహారాకి చెప్పాడు. మే 22న షూరి కోట కింది సొరంగంలో కూర్చుని, దక్షిణాన క్యాన్ ద్వీపకల్పానికి తగ్గాలని నిర్ణయించారు. జోరువానలో, శత్రువు పసిగట్టేలోపు, సుమారు 30,000 మందిని దాటించారు. సైనిక విద్యగా చూస్తే ఇందులో తప్పేముంది?

గోరింట:
సొరంగం లోపల్నుంచే చూస్తే తప్పేం కనపడదు లెండి. క్యాన్ వైపు ఖాళీ నేలేం లేదు కదండీ. ఉత్తరాన పోరు మొదలయ్యాక ప్రాణాలు అరచేతిలో పట్టుకుని వచ్చిన జనమంతా అక్కడి గుహల్లోనే ఉన్నారు. ఓడిపోతున్న సైన్యం వాళ్ల మధ్యకి నడిచొచ్చింది. పిల్లలు ఏడిస్తే చోటు బయటపడుతుందని తల్లుల్ని గుహల్లోంచి తరిమిన సైనికులున్నారు. ఏప్రిల్‌లోనే ఈ సైన్యం ఇచ్చిన ఉత్తర్వు గుర్తుందా? ఒకినావా భాషలో మాట్లాడినవాళ్లని గూఢచారులుగా చూసి శిక్షిస్తామని! సొంత ఊళ్లో సొంత భాష మాట్లాడితే చావు.

హిమెయురి ఆడపిల్లల్నే తీసుకోండి. ఆస్పత్రి పనికి తీసుకెళ్లిన విద్యార్థినులు, టీచర్లు 240 మంది. 136 మంది తిరిగి రాలేదు. జూన్ 18న 'దళం రద్దు, మీ దారి మీరు చూసుకోండి' అనేదాకా పోయినవాళ్లు ఇరవై లోపే. ఆ తర్వాత కొద్ది రోజుల్లో వందకు పైన. తూటాల మధ్య ఏ దారి చూసుకుంటారు?

రాత్రి బస్సు:
జనాన్ని ముందే ఓడలెక్కించి పంపేయాల్సింది. అసలు తప్పు అక్కడుంది.

గోరింట:
పంపారు కూడా. 1944 ఆగస్టు 22న త్సుషిమా మారు ఓడని అమెరికన్ జలాంతర్గామి ముంచేసింది. దాదాపు 780 మంది బడిపిల్లలు పోయారు. బయటికి పొక్కనివ్వకూడదనుకున్నారు గానీ అలాంటివి దాగుతాయా? ఇక ఏ తల్లి పంపుతుంది?

1942 ఏప్రిల్ 6న విశాఖ మీద జపాన్ బాంబులు పడ్డప్పుడు మా తాతమ్మ వాళ్లు మూటాముల్లె సర్దుకుని లోపలి పల్లెలకి పోయారట. పారిపోవడానికి వెనక నేల ఉంది. ద్వీపంలో ఎక్కడికి పోతారు, సముద్రంలోకా?

పాత పటాలు:
గోరింట గారూ, మీ బాధ అర్థమైంది. కానీ షూరిలోనే ఉండి చావడం ధర్మమంటారా? 62వ డివిజన్ వాళ్లు సరిగ్గా అదే అడిగారు: వేలమంది క్షతగాత్రుల్ని వదిలి రాలేం, ఇక్కడే పోతాం అని. యహారా పని ధర్మం చూడటం కాదు, జపాన్ ప్రధాన భూభాగానికి గడువు సంపాదించి పెట్టడం. అమెరికన్లు షూరి కోట పట్టింది మే 29న, ఉషిజిమా, చో దక్షిణ కొసన మబునిలో ఆత్మహత్య చేసుకుంది జూన్ 23 వేకువన (22 అనేవాళ్లూ ఉన్నారు). మూడు వారాలు దొరికాయి.

లంక మల్లి:
ఆ మూడు వారాలు ఎవరికి పనికొచ్చాయో చెప్పండి మరి. జపాన్ ప్రధాన ద్వీపాల్లో దక్షిణాన ఉన్న క్యూషూ మీద దాడికి నవంబర్ 1 అని అమెరికా సైన్యాధిపతులు ఉత్తర్వు ఇచ్చింది మే 25న. షూరి ఖాళీ అవుతున్న వారంలోనే. మబునిలో ఇంకో మూడు వారాలు గుహలు పట్టుకు వేలాడినా ఆ తేదీ ఒక్క రోజు జరగలేదు.

పాత పటాలు:
అది షూరి సొరంగంలో ఉన్న యహారాకి ఎలా తెలుస్తుంది అన్నా? తర్వాత తెలిసిన సంగతితో అప్పటి మనిషిని తూకం వేస్తే ఎలా?

లంక మల్లి:
సరే, అప్పుడు తెలిసినదాంతోనే వేద్దాం. ఆ రోజు వాళ్ల ముందు మూడు దారులున్నాయి: షూరిలోనే ఉండటం, తూర్పున చినెన్, దక్షిణాన క్యాన్. మంచి సొరంగాలు, దాచిన సరుకు ఉన్నాయని క్యాన్ ఎంచుకున్నారు. జనాన్ని చినెన్‌కి పొమ్మన్నారు. అంటే తాము వెళ్లే చోట జనం ఉండకూడదన్న ఎరుక ఉంది! కానీ ఆ మాట చాలామందికి చేరనే లేదు, చేరేసరికి దారులు మూసుకుపోయాయి. సైన్యం లేని చినెన్‌ని అమెరికన్లు జూన్ మొదటి రోజుల్లో పెద్దగా పోరు లేకుండానే తీసుకున్నారు. అక్కడికి చేరినవాళ్లలో చాలామంది బతికారు. 30,000 మందిని గుట్టుగా దాటించగలిగిన సైన్యానికి ఆ కబురు రెండు వారాలు ముందు చెప్పడం కష్టమా?

రాత్రి బస్సు:
ఒకినావాలోనే ఒరోకు దగ్గర ఉన్న జపాన్ నౌకాదళ అధికారి ఓతా మినోరు చనిపోయే ముందు, జూన్ 6న, టోక్యోకి పంపిన తంతి కూడా ఇక్కడ చెప్పుకోవాలి. ఒకినావా ప్రజలు ఇంతగా పోరాడారు, ముందు ముందు వాళ్లని ప్రత్యేకంగా చూడండి అని కోరాడు. జనం గురించి ఆలోచించినవాడు ఒక్కడైనా ఉన్నాడు.

గోరింట:
ఉన్నాడు. ఉషిజిమా మాత్రం చివరిదాకా పోరాడమని ఉత్తర్వు రాసి పోయాడు. లొంగిపోతున్నామని చెప్పే సేనాని మిగల్లేదు. కాగితం మీద లొంగుబాటు సెప్టెంబర్ 7న జరిగింది. మధ్యలో గుహల్లో పోయినవాళ్లని ఏ లెక్కలో వేస్తారు?

పాత పటాలు:
చినెన్ కబురు ఆలస్యం సంగతి ఒప్పుకుంటున్నా, దానికి నా దగ్గర జవాబు లేదు. తగ్గడం సరైనదేనని ఇప్పటికీ అంటాను. కానీ మే 4న చో దాడి జరగకుండా ఉంటే షూరి ఇంకెన్నాళ్లు నిలిచేదో లెక్క వేసి రేపు పెడతా, అప్పుడు తిట్టండి.