తమ్ముడి పెన్షన్, గార్డియన్‌షిప్ గురించి తెలిసినవాళ్ళు కాస్త చెప్పండి

మాది గుంటూరు జిల్లాలో ఒక పల్లె. మా తమ్ముడికి పుట్టినప్పటి నుంచి సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని ఒళ్ళు స్వాధీనంలో ఉండదు), ఇప్పుడు ముప్పై దాటాడు, సదరం (వైకల్య) సర్టిఫికెట్‌లో 90 శాతం వైకల్యం అని ఉంది, ఎన్టీఆర్ భరోసా కింద దివ్యాంగుల పెన్షన్ 6,000 వస్తోంది. కానీ వాడు మంచం దిగలేడు. అన్నం మెత్తగా పిసికి అమ్మే తినిపించాలి, పక్కకు తిప్పాలంటే కింద పరిచిన దుప్పటి అంచు పట్టుకుని లాగుతుంది, ఆవిడకేమో మోకాళ్ళు అరిగిపోయాయి.

పక్షవాతంతో మంచానికే పరిమితమైనవాళ్ళకు 15,000 ఇస్తున్నారు కదా, సెరిబ్రల్ పాల్సీ ఉన్నవాళ్ళకి ఎవరికైనా అది వచ్చిందా? మా ఊరి సచివాలయంలో అడిగితే సర్టిఫికెట్‌లో ఆ మాట లేదు, కుదరదు అనేశారు. పోనీ మళ్ళీ సదరం స్లాట్ పెట్టిద్దామంటే, శాతం తగ్గించి రాస్తే ఉన్నది కూడా పోతుందేమోనని టెన్షన్. వాణ్ణి ఆటోలో ఆసుపత్రికి చేర్చడమే ఒక యజ్ఞం, డాక్టర్లు ఇంటికొచ్చి చూసే వీలేమైనా ఉందా?

ఇంకోటి, సెరిబ్రల్ పాల్సీ లాంటి వైకల్యాలున్నవాళ్ళ కోసం తెచ్చిన నేషనల్ ట్రస్ట్ చట్టం (1999) కింద జిల్లా కమిటీ గార్డియన్‌ని నియమిస్తుంది కదా, నేను హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నాను, వేరే రాష్ట్రంలో ఉంటే అప్లికేషన్ తీసుకుంటారా? లక్ష దాకా వచ్చే నిరామయ ఆరోగ్య బీమా కూడా తీసుకోవాలి, ఫిజియోథెరపీ బిల్లులు నిజంగా ఇస్తున్నారా, ఎన్నాళ్ళు పట్టింది?

అమ్మకు చేతకాని రోజున వాణ్ణి చూసుకునే హోమ్ విజయవాడ, గుంటూరు వైపు ఉంటే చెప్పండి. వృద్ధాశ్రమాలు వద్దు, పెద్దవయసు దివ్యాంగుల్ని చూడటం తెలిసినవాళ్ళు కావాలి. నెలకి ఎంత తీసుకుంటారో కూడా రాయండి.