ఇయర్ సిక్స్ శాట్స్: క్యాలిక్యులేటర్ లేకుండా లెక్కల పేపర్ ఎలా?

మాంచెస్టర్ నుంచి, కొత్తగా వచ్చినవాళ్లం:

అందరికీ నమస్కారం. మేం ఇంగ్లండ్ వచ్చి రెండు నెలలైంది. బాబుని ఇయర్ సిక్స్‌లో, అంటే ప్రైమరీ చివరి తరగతిలో వేసుకున్నారు. మే నెలలో శాట్స్ అని ప్రభుత్వ పరీక్షలు ఉంటాయట, క్యాలిక్యులేటర్ ఇవ్వరట. వాడికి లెక్కలు బాగానే వచ్చు. కానీ అంతా మనసులోనే చేసేసుకుని జవాబొక్కటే రాస్తాడు. మొన్న స్కూల్లో పాత అరిథ్మెటిక్ పేపర్ పెడితే 40కి 22 వచ్చాయి. తప్పులు చూస్తే ఒక్కటీ తెలియనిది కాదు. ఎలా ప్రాక్టీస్ చేయించాలి? ట్యూషన్ పెట్టాలా?

రెడింగ్, 18 ఏళ్లుగా ఇక్కడే:

అమ్మా, ముందు టెన్షన్ వదిలెయ్యండి. సెకండరీ సీటుకీ శాట్స్‌కీ సంబంధం లేదు. సీటుకి అప్లికేషన్ గడువు అక్టోబర్ 31, సీటు చెప్పేది మార్చి 1న, పరీక్షేమో మేలో. అసలు మీరు అడగాల్సింది గ్రామర్ స్కూళ్ల (పరీక్ష పెట్టి చేర్చుకునే ప్రభుత్వ సెకండరీల) ఎంట్రన్స్, లెవెన్ ప్లస్ గురించి. సరే, అడిగారు కాబట్టి చెప్తా. పేపర్లు మూడు. మొదటిది అరిథ్మెటిక్, అరగంట, 40 మార్కులు. మిగతా రెండూ రీజనింగ్, ఒక్కోటి 40 నిమిషాలు, 35 మార్కులు. రీజనింగ్‌లో ఒకదానికి క్యాలిక్యులేటర్ ఇస్తారు. మా పెద్దాడు వాడాడు కూడా.

స్లౌ, ప్రైమరీ స్కూల్లో టీచింగ్ అసిస్టెంట్‌ని:

రెడింగ్ అన్నగారూ, మీ వాడు 2013లోనో అంతకు ముందో రాసుంటాడు. 2014 నుంచి ఏ పేపర్లోనూ క్యాలిక్యులేటర్ లేదు. దయచేసి కొత్తవాళ్లను తికమక పెట్టకండి.

మాంచెస్టర్ అక్కా, మీ బాబు లాంటి పిల్లల్ని ఏటా చూస్తుంటాను. మన దగ్గర చదివొచ్చిన పిల్లలకి క్యాలిక్యులేటర్ లేకపోవడం ఒక సమస్యే కాదు, వాళ్లు ఎప్పుడు వాడారని? మార్కులు పోయేది రాయడంలో. అరిథ్మెటిక్ పేపర్లో పెద్ద గుణకారాలకీ పెద్ద భాగహారాలకీ రెండేసి మార్కులు. జవాబు తప్పినా, నిలువు పద్ధతిలో చివరిదాకా చేసి లోపల ఒక్క కూడికో తీసివేతో పొరబడితే ఒక మార్కు ఇస్తారు. మనసులో చేసినవాడికి ఆ మార్కు ఎక్కడి నుంచి ఇస్తారు? ప్రశ్న కింద గళ్ల కాగితం ఉంటుంది, గడికో అంకె వెయ్యమనండి. సగం తప్పులు వరసలు జారడం వల్లే వస్తాయి.

భాగహారానికి ఒక చిట్కా. 1,258ని 34తో భాగించాలంటే ముందు పక్కన 34, 68, 102, 136, 170, 204, 238 అని రాసుకోవాలి. అన్నీ కూడికలే, అర నిమిషం పని. ఆ తర్వాత 125లో 102 పోతుంది, 23 మిగులుతుంది, 8 దించితే 238. జవాబు 37. ఊహించి, కొట్టేసి, మళ్లీ ఊహించే పిల్లలకి రెండు నిమిషాలు పట్టేది ఇదే.

ఇంకొకటి, ఎవరూ చెప్పరు. కామాలు. మన పిల్లలు 12,45,000 అని రాస్తారు, ఇక్కడ 1,245,000. ఇయర్ సిక్స్‌లో కోటి దాకా, అంటే వీళ్ల పది మిలియన్ల దాకా సంఖ్యలుంటాయి. లక్ష అన్న మాట మనసులో తిరుగుతుంటే స్థానాలు చదవడంలో తడబడతారు. ఒక వారం పాటు పెద్ద సంఖ్యలు పైకి చదివించండి, చాలు.

లెస్టర్, ఇద్దరు పిల్లల తల్లిని:

మీ వాడికి స్కూలు దొరికింది, సంతోషించండి. మేం జనవరిలో దిగాం. ఇంటి ఓనరు మనవాడే కదా అని అగ్రిమెంటు లేకుండా చేరిపోయాం. కౌన్సిల్ ట్యాక్స్ (ఇక్కడి మున్సిపాలిటీకి కట్టే ఇంటి పన్ను) తన పేరు మీదే ఉంచుకున్నాడు. స్కూలు సీటు కోసం కౌన్సిల్ వాళ్లు అడ్రస్ ప్రూఫ్ అడిగారు. ఆయన్ని ఎప్పుడు అడిగినా "రేపు ఇస్తానమ్మా" అనేవాడు. ఆ రేపు ఏడు వారాలకి వచ్చింది. అది కూడా మా ఆయన గొడవ పెట్టుకుంటేనే, ఒక కాగితం ముక్క మీద సంతకం. అది చెల్లదన్నారు. మళ్లీ మొదటికి. ఆ రోజులు తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. అగ్రిమెంటు లేని ఇంట్లో అడుగు పెట్టకండి, ఎవరి మనిషైనా సరే.

ఆ ఏడు వారాలూ పిల్లలు ఇంట్లోనే. ఒకరోజు కౌన్సిల్ ఆఫీసులో లైన్లో నిలబడి చిన్నదాన్ని "ఏడెనిమిదులు?" అని అడిగాను. పెదాలు కదుపుతూ "ఏడొకట్ల ఏడు, ఏడు రెళ్లు పధ్నాలుగు" అని మొదటి నుంచి అందుకుంది. యాభై ఆరు చేరేసరికి మా నంబరు పిలిచేశారు! అప్పుడు అర్థమైంది, దానికి ఎక్కం పాటలా వచ్చు, లెక్కలా రాదు. ఇయర్ ఫోర్‌లో ఎక్కాల పరీక్ష ఒకటుంటుంది, కంప్యూటర్ మీద 25 ప్రశ్నలు, ఒక్కోదానికి 6 సెకన్లు. పాట పాడుకుంటూ కూర్చుంటే అయిపోతుంది. మీ బాబునీ వరస మార్చి అడిగి చూడండి.

హౌన్స్లో, పాత కాపు:

స్లౌ చెల్లెలు అంతా చెప్పింది కానీ సరిచూసుకోవడం చెప్పలేదు. తొమ్మిదుల పద్ధతి నేర్పించండి. 47 × 36 = 1,692. 47లో అంకెలు కూడితే 11, మళ్లీ కూడితే 2. 36లో 9, ఈ పద్ధతిలో 9 అంటే సున్నా. ఆ 2ని సున్నాతో గుణిస్తే సున్నా. 1,692 కూడితే 18, అదీ 9కే వస్తుంది. సరిపోయింది. మా తాత నేర్పించాడు, ఎప్పుడూ తప్పలేదు.

స్లౌ:

తప్పుతుంది అన్నా. పిల్లలు ఎక్కువగా చేసే తప్పు రెండో వరసలో సున్నా మర్చిపోవడం. 282 కింద 1,410 బదులు 141 వేస్తారు, 423 వస్తుంది. దాని అంకెలు కూడండి, అదీ 9! మీ పద్ధతికి సున్నా లేకపోయినా తేడా తెలియదు. 47 × 36 అంటే దాదాపు 50 × 40, సుమారు 2,000 అని ముందే అనుకున్న పిల్లాడు 423 చూడగానే ఆగుతాడు.

హౌన్స్లో:

అంచనాతో 1,692కీ 1,682కీ తేడా తెలుస్తుందా? నా పద్ధతికి తెలుస్తుంది.

స్లౌ:

తెలుస్తుంది, ఒప్పుకున్నాను. రెండూ చేయించండి. కానీ అరగంటలో 36 ప్రశ్నలు, అన్నిటికీ తాతగారి లెక్క కుదరదు. రెండు మార్కుల వాటికి చెయ్యమనండి.

రెడింగ్:

శాతాలు కూడా చూడండి. 360లో 15 శాతం అంటే గుణకారం పెట్టుకోకూడదు. పది శాతం 36, అందులో సగం 18, మొత్తం 54. 2,345లోంచి 1,998 తియ్యాలంటే రెండూ రెండు పెంచి 2,347లోంచి 2,000 తీస్తే 347. ఇలాంటివి మనసులో చేసినా పర్లేదు, ఒక మార్కువే కదా. ట్యూషన్ దండగ. ప్రభుత్వం సైట్లో పాత పేపర్లు ఉచితంగా ఉన్నాయి, జవాబుల పత్రంతో సహా.

మాంచెస్టర్ నుంచి:

అందరికీ థాంక్సండీ. ఇందాకే వాడిచేత ఆ 1,258 చేయించాను. పక్కన 34, 68, 102 దాకా రాసి "ఇంక చాలమ్మా" అన్నాడు. జవాబు 37 అని రాశాడు. 3 దగ్గర తీసివేత కాగితం మీద ఉంది, 7 ఎలా వచ్చిందో వాడికే తెలియాలి. దీనికి మార్కు పోతుందా?

స్లౌ:

జవాబు సరైనది కాబట్టి పోదు, రెండూ వస్తాయి. అదే 36 అని రాసుంటే, సగంలో ఆపిన పనికి ఒక్కటీ రాదు. ఆ కాగితం పారెయ్యకండి, వాడికి చూపించి ఈ మాటే చెప్పండి.

రెడింగ్:

ఇంతకీ లెవెన్ ప్లస్ గురించి ఎవరూ మాట్లాడలేదు. విడిగా ఒక మెయిల్ పెట్టనా?